అందరి దగ్గరికీ పోతాది, అమ్మ దగ్గరికే రాదు

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. చాలా ఏళ్ళుగా డల్లాస్‌లో ఉంటున్నాం, ఇద్దరికీ అమెరికా సిటిజన్‌షిప్ ఉంది, విదేశాల్లో ఉండే మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డులున్నాయి. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా ఒడిశాలో ఒక శిశుగృహం నుంచి పాపని దత్తత తీసుకున్నాం, రెండేళ్ళ మూడు నెలలు. కలెక్టర్ ఆర్డర్ వచ్చింది, పాస్‌పోర్టు, వీసా పనులు అయ్యేదాకా నేను మా అత్తగారింట్లో ఉన్నా. పాప ఇంటికొచ్చి ఏడు వారాలు. మొదట్లో వాళ్ళ నాన్నకే అతుక్కుపోయింది. ఆయనకి లీవు అయిపోయి, చూస్తే ఏడుస్తాదని రాత్రి పాప నిద్రపోయినాక బయల్దేరిపోయినాడు. అప్పట్నుంచి నన్ను దగ్గరికి రానీదు, ఎత్తుకుంటే తోసేస్తాది. పక్కింటివాళ్ళు, గ్యాస్ తెచ్చే అబ్బాయి, ఎవరు చెయ్యి చాచినా మాత్రం పోతాది. అందరూ ‘ఎంత మంచి పిల్ల, కొత్తే లేదు’ అంటారు. తిండి వాంతి అయ్యేదాకా తింటాది, అన్నం ముద్ద పిడికిట్లో పట్టుకునే నిద్రపోతాది. రాత్రి చూస్తే చీకట్లో లేచి కూర్చోనుంటాది, ఏడవదు. అత్తమ్మ ‘ఊరికే ఎత్తుకోని అలవాటు చెయ్యొద్దు’ అంటాది, కదిరిలో పుట్టెంట్రుకలు తీయించి అందరికీ భోజనాలు పెట్టాలంటాది. రెండు నెలల్లో డల్లాస్ పోవాలి, పోగానే డేకేర్. నిజం చెప్తున్నా, నాకు ఆ పిల్ల మీద ప్రేమ రావట్లేదు, ఎవరికీ చెప్పుకోలేను. — ఒక తల్లి

జవాబు:

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. ఇన్ని సమస్యలు రాసినావు గానీ నాకు వీటిలో సగం ఒకే దగ్గర మొదలైనట్టు కనపడతాంది. వాళ్ళ నాన్న పాప నిద్రపోయినాక వెళ్ళిపోయినాడు అని రాసినావే, ఆ దగ్గర.

ఒక్కసారి పాప వైపు కూర్చోని చూడు. పుట్టినకాడ్నుంచి ఉన్న ఇల్లు, అన్నం పెట్టిన ఆయమ్మలు, పక్క మంచాల్లో పిల్లలు, చెవిలో పడే ఒడియా మాట, అన్నీ ఒక్క రోజులో పోయినాయి. కొత్త మనుషులు ఇద్దరొచ్చినారు, ఆ ఇద్దర్లో ఒకాయన్ని ఎంచుకోని గట్టిగా పట్టుకుంది. ఒక పొద్దున లేచేసరికి ఆయనా లేడు. రెండేళ్ళ బిడ్డకి అమెరికా తెలీదు, లీవు తెలీదు, ‘మళ్ళీ కలుస్తాం’ అన్న మాట తెలీదు. తనకి తెలిసింది ఒకటే, కళ్ళు మూసుకుంటే మనుషులు పోతారు. మరి రాత్రి లేచి చీకట్లో కూర్చోక ఏం చేస్తాది చెప్పు. కాపలా కాస్తాంది. నిన్ను తోసెయ్యడం కూడా నువ్వు నచ్చక కాదు, ఇంకొకర్ని నమ్మి మళ్ళీ పోగొట్టుకునే ఓపిక ఆ బిడ్డకి ఇప్పుడు లేదు, నువ్వు కూడా పోయేదానివే అనుకుంటాంది. మీ ఆయన్ని నేను తప్పు పట్టడంలా, మన ఇళ్ళల్లో అందరం అట్లనే చేస్తాం, పిల్లోల్లు ఏడుస్తారని దొడ్డిదారిన పోతాం, కన్న బిడ్డలైతే ఒక పూట ఏడ్చి ఊరుకుంటారు, కానీ ఈ బిడ్డ విషయంలో అది ఇంకోసారి జరగకూడదు.

అందుకని ఈ రోజు నుంచే ఒకటి మొదలుపెట్టు. ఇంట్లో ఎవరూ పాపకి చెప్పకుండా యాడికీ పోకూడదు, నువ్వు బాత్‌రూంకి పోయినా సరే. ‘అమ్మ పోయి వస్తాది’ అని మొహం చూసి చెప్పి, పోయి, రెండు నిమిషాల్లో వచ్చి, ‘అమ్మ వచ్చింది’ అని చెప్పు. భాష అర్థం కాకపోయినా పర్లేదు, అదే మాట అదే రాగంలో రోజుకి ఇరవై సార్లు వినపడితే పోవడం వెనకాల రావడం ఉంటుందని ఒంటికి పడతాది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకోని తీసే ఆట ఆడు, దుప్పటి కింద బొమ్మని దాచి వెతికే ఆట ఆడు. చూసేవాళ్ళకి ఏడాది బిడ్డ ఆటలే, కానీ ఈ పాప ఏడాది వయసులో వాటిని ఎవరితోనూ ఆడి ఉండదు. ఆడినా ఆ మనిషి సాయంత్రానికి డ్యూటీ దిగి పోయుంటాది.

అది ఎందుకు చెప్తున్నానంటే నేను కర్నూల్లో శిశుగృహలో చాలా ఏళ్ళు పని చేసినా. ఒడిశాలో ఐనా ఈడ ఐనా నడిచే తీరు పెద్ద తేడా ఉండదు. ఆయమ్మలకి పగలు ఒక షిఫ్టు, రాత్రి ఒక షిఫ్టు, వారం సెలవు, పండగ సెలవు, ఉద్యోగం మానేసి పోయేవాళ్ళు. మంచివాళ్ళే, పిల్లల మీద ప్రాణం పెట్టేవాళ్ళని నేను కళ్ళారా చూసినా, కానీ ఒక్కో మనిషికి అంతమంది పిల్లలుంటే ఎంతని చేస్తారు. అట్లాంటి చోట బతకడం నేర్చుకున్న బిడ్డ ఎవరు గుమ్మంలోకి వచ్చినా నవ్వుతాది, చేతులు చాస్తాది, ఎందుకంటే నవ్విన బిడ్డనే ముందు ఎత్తుకుంటారు కాబట్టి. రాత్రి ఏడ్చినా వెంటనే ఎవరూ రారు, ఏడుపు వల్ల పనికాదని కొన్ని నెలల్లోనే తెలుసుకుంటాది, తర్వాత ఏడవడం మానేస్తాది. వచ్చినవాళ్ళు ‘ఎంత బుద్ధిగా ఉన్నారో’ అంటారు. చెల్లీ, గ్యాస్ అబ్బాయి దగ్గరికి పోవడం మంచితనం కాదు. రెండేళ్ళ బిడ్డకి కొత్త ఉండాల. కొత్తవాళ్ళని చూసి మీ వెనకాల దాక్కునే రోజు వస్తాది చూడు, ఆ రోజు బంధువులు ‘అయ్యో ఇప్పుడేందిట్లా మొండి ఐపోయింది’ అంటారు, నువ్వు మాత్రం లోపల సంతోషపడు. రాత్రి నిన్ను పిలిచి గట్టిగా ఏడ్చే రోజు కూడా అంతే. ఏడిస్తే వస్తారని నమ్మకం కుదిరిందని అర్థం.

ఆ నమ్మకం కుదరాలంటే ఈ మొదటి ఏడాదిలో చెయ్యాల్సింది ఒకటే, ఆకలైనా, దెబ్బ తగిలినా, నిద్రొచ్చినా, భయమేసినా వచ్చే చెయ్యి ఒకటే ఉండాల. నీ చెయ్యి. తూకం, మాటలు, ఏబీసీడీలు, పద్ధతులు, అన్నీ వెనక్కి పెట్టు, అవి రెండో ఏడాదికి కూడా చేసుకోవచ్చు.

ఇది మన ఇళ్ళల్లో చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. అనంతపురంలో అత్తగారిల్లంటే పొద్దున్నుంచి రాత్రిదాకా వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు, ప్రతి ఒక్కరూ ఎత్తుకుంటారు, ముద్దు పెడతారు, నోట్లో ఏదో ఒకటి పెడతారు. డల్లాస్‌లో మీ దత్తత ఏజెన్సీవాళ్ళు తలుపులేసుకోని మీ ముగ్గురే ఉండండి అని చెప్పుంటారు, ఈడ అది జరిగే పని కాదు, చెయ్యబోతే ఇంట్లో గొడవ, ఆ గొడవ పాపకి ఇంకా చెడ్డది. కాబట్టి మనుషుల్ని ఆపొద్దు, పనుల్ని పంచు. నాలుగు పనులు నీవి, ఇంకెవరూ చెయ్యరు: నోట్లో ముద్ద పెట్టడం, స్నానం పొయ్యడం, నిద్రపుచ్చడం, ఏడిస్తే ఎత్తుకోవడం. మిగతావన్నీ అందరివీ. అవ్వ వండుతాది, జావ కాస్తాది, పక్కన కూర్చోని కథలు చెప్తాది, తాత బంతి విసురుతాడు, అత్త కొడుకులు ఆడుకుంటారు, ఎవరికీ తక్కువ చేసినట్టు కాదు. పాప పడి మోకాలు గీసుకోని దగ్గర్లో ఉన్న అవ్వ దగ్గరికి పరిగెత్తితే అవ్వ ఏం చెయ్యాలంటే, ఎత్తుకోకుండా చెయ్యి పట్టుకోని ‘పా, అమ్మకి చూపిద్దాం’ అని నీ దగ్గరికి తీసుకురావాల. ఈ ఒక్క పని అవ్వ చేసిందంటే పది మంది కౌన్సెలర్లు చేసేదానికన్నా ఎక్కువ.

అత్తమ్మకి ఇది చెప్పేటప్పుడు రూల్ మాదిరిగా చెప్పొద్దు, సాయం అడుగు. ‘అత్తమ్మా, ఈ బిడ్డకి అమ్మంటే ఎవరో ఇంకా తెలీదు, నువ్వు నేర్పించాల’ అని అడుగు. బంధువులకి జవాబు చెప్పే పని కూడా ఆమెకే అప్పజెప్పు, పెద్దామె ‘డాక్టరు కొన్నాళ్ళు తల్లే ఎత్తుకోవాలన్నారు’ అంటే ఊర్లో ఎవరూ మారు మాట్లాడరు, అదే నువ్వంటే ‘అమెరికా నుంచి వచ్చి ఫోజులు’ అంటారు. ‘ఎత్తుకోని అలవాటు చెయ్యొద్దు’ అన్న మాటకి మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. ఎత్తుకోవడం అలవాటు కావాల్సిన బిడ్డే ఇది, రెండేళ్ళ బాకీ ఉంది. చంకన వేసుకో, చున్నీతో కట్టుకో, బరువనిపిస్తే కూర్చోని ఒళ్ళో పెట్టుకో. తోసేస్తే బలవంతంగా పట్టుకోవద్దు, దించెయ్యి, కానీ లేచి పోవద్దు, ఒక చేతి దూరంలో అక్కడే కూర్చో, బియ్యం ఏరుకో, చిక్కుడుకాయలు ఒలుచుకో. కాసేపటికి తనే నీ చేతిలో కాయ లాక్కుంటాది. అట్ల వచ్చినప్పుడు మీద పడి ముద్దులాడొద్దు, ఇంకో కాయ ఇయ్యి.

పాలసీసా అడిగితే సీసాతోనే తాపు, ఒళ్ళో పడుకోబెట్టుకోని, కళ్ళలోకి చూస్తా. రెండేళ్ళు దాటినాక సీసా ఏంది అని ఎవరన్నా అంటే అననీ, కొన్ని నెలలే కదా. మన నూనె స్నానం ఉంది చూడు, కాళ్ళ మీద పడుకోబెట్టుకోని ఒళ్ళంతా రుద్దడం, అది నీకున్న పెద్ద ఆయుధం. మొదట్లో ఒప్పుకోదు, తల మీద నీళ్ళు పోస్తే భయపడతాది, అక్కడ లైన్లో నిలబెట్టి మగ్గుతో గబగబా పోసేసి ఉంటారు. ముందు పాదాలకే రాయి, అదీ పాప కూర్చోనున్నప్పుడు. పాదాలు ఇచ్చిందంటే పిక్కలు ఇస్తాది. తల సంగతి చివర్లో.

ఇప్పుడు తిండి. ఇది చూసి భయపడకు, తిట్టకు, దాచకు. టైంకి వరసగా కంచాలు పెట్టి, టైంకి తీసేసే చోట నుంచి వచ్చిన బిడ్డకి ‘మళ్ళీ పెడతారు’ అనే నమ్మకం ఉండదు. రెండు రెండున్నర గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టు, కంచంలో తక్కువ వడ్డించి అడిగితే మళ్ళీ వెయ్యి, ‘చాలు, ఇంక లేదు’ అన్న మాట మాత్రం నోట్లోంచి రానీకు. పాపకి అందే ఎత్తులో ఒక గిన్నె ఎప్పుడూ ఉండాల, దాంట్లో అరటిపండు ముక్కలో, మెత్తటి ఇడ్లీ ముక్కలో. ఎప్పుడు పోయి చూసినా అది ఖాళీగా ఉండకూడదు. రాత్రి ముద్ద పట్టుకోని పడుకుంటే పడుకోనీ, నిద్రపోయినాక మెల్లగా తీసి, లేచేసరికి పక్కనే మూతపెట్టిన గిన్నెలో ఏదో ఒకటి ఉండేట్టు చూడు, లేవగానే చూపించు. చాలామంది పిల్లల్లో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఈ ఆత్రం తగ్గిపోతాది, మొదటిసారి కంచంలో మిగిల్చి లేచిన రోజు నీకే తెలుస్తాది.

ఒక హెచ్చరిక, మన ఊర్లకి మరీ ముఖ్యం. చెనిక్కాయలు గింజలుగా ఇవ్వొద్దు, ఎవర్నీ ఇయ్యనివ్వొద్దు. నాలుగేళ్ళు నిండేదాకా ఏ పిల్లకైనా అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, నమలకుండా మింగే ఈ పాపకి ఇంకా ఎక్కువ. అనంతపురంలో ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి జేబులో అవే ఉంటాయి కాబట్టి గట్టిగా చెప్తున్నా. పొడి కొట్టి అన్నంలో కలుపు, బలమే. మన కారం కూడా ఇప్పుడే వద్దు. ఒడిశాలో మన సద్దన్నం లాంటిదే పఖాళ అని తింటారు, కూరగాయలేసిన పప్పుని దాల్మా అంటారు, ఆ చప్పటి రుచులే తన నోటికి ఇల్లు. మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, మధ్యాహ్నం చల్లటి సద్ది, ఉగ్గాని బజ్జీలకి చాలా టైముంది.

నాలుగు ఒడియా మాటలు నువ్వు నేర్చుకో: నీళ్ళకి పాణి, అన్నానికి భాత, పాలకి ఖీర. ఆయమ్మల్ని మావుసీ అని పిలిచి ఉంటాది. పాప ఆ మాటలు కొన్ని నెలల్లో మర్చిపోతాది, రెండేళ్ళ పిల్లలు వాడని భాషని అంత తొందరగా వదిలేస్తారు, కానీ తెలుగు వచ్చేలోపల ఈ మధ్య కాలంలో తన మాట ఒక్కరికైనా అర్థం కావాల. ఆరు నెలలు మాటలు పెద్దగా రాకపోతే కంగారు పడొద్దు, కానీ వినికిడి టెస్టు మాత్రం ఒకటి చేయించు, చెవిలో చీము కారినా ఎవరూ పట్టించుకోని పిల్లలుంటారు.

శిశుగృహం నుంచి ఏ గౌనుతో వచ్చిందో అది ఉందా? ఉంటే ఉతకొద్దు, పారెయ్యొద్దు. పాత బట్టలు దరిద్రం అని ఇంట్లో ఎవరో కాల్చెయ్యమంటారు, వద్దు. ఆ వాసన తనది. దిండు కింద పెట్టు, పాప అడిగితే ఇయ్యి. శిశుగృహంవాళ్ళు ఇచ్చిన ఫైలు, ఫొటోలు, ఆయమ్మలతో దిగినవి ఉంటే అవి, అన్నీ ఒక ఆల్బంలో పెట్టు, పెద్దయ్యాక కావాల్సింది ఇదే. దత్తత అన్న సంగతి కూడా ఇప్పట్నుంచే ఫొటో చూపిస్తా కథలాగా చెప్తా ఉండు, ‘నువ్వు ఈ ఇంట్లో ఉన్నావు, అమ్మ నాన్న వచ్చినారు’ అని. ఇంక బంధువుల్లో ‘ఎవరి బిడ్డో, ఏ కులమో’ అనేవాళ్ళుంటారు, పాప ముందర ఆ మాట వస్తే నవ్వి ఊరుకోవద్దు, లేచి పాపని తీసుకోని లోపలికి పో. జవాబు అక్కర్లా, ఆ లేవడం చాలు.

రాత్రి సంగతి. పక్కన పడుకోబెట్టుకో, మధ్యలో చెయ్యి వేసి. అక్కడ ట్యూబులైటు వెలుగుతానే ఉంటాది, ఫ్యాను చప్పుడు, పది మంది ఊపిరి చప్పుడు, ఇంత చీకటి ఇంత నిశ్శబ్దం ఆ బిడ్డకి కొత్త. చిన్న బెడ్‌లైటు పెట్టు. లేచి కూర్చున్నప్పుడు ‘పడుకో పడుకో’ అని అదిలించకుండా నువ్వూ లేచి కూర్చో, ‘అమ్మ ఉంది’ అని చెప్పి వీపు నిమురు, ఎంతసేపైనా సరే. ముందుకీ వెనక్కీ ఊగుతా ఉంటే భయపడొద్దు, తనని తాను జోకొట్టుకోవడం అది, నువ్వు జోకొడితే అది తగ్గతా పోతాది. డల్లాస్‌లో ఎవరన్నా పిల్లని వేరే గదిలో పెట్టి ఏడవనిచ్చి అలవాటు చెయ్యమంటే, ఈ బిడ్డకి ఆ పద్ధతి వద్దే వద్దు.

మొక్కు సంగతి అత్తమ్మతో నెమ్మదిగా మాట్లాడు. నేను మొక్కుని కాదనను, కదిరి నరసింహస్వామి మీద నాకూ భక్తి ఉంది. కానీ ఆలోచించు, పేన్లు పడతాయని శిశుగృహాల్లో పిల్లలకి గుండు గీయించడం మామూలే, ఈ పాపకి అదెప్పుడో అయ్యుంటాది, ఇప్పుడు జుట్టు ఎంతుందో చూస్తే నీకే తెలుస్తాది. గుళ్ళో వందలమంది మధ్య తెలియనాయన తల వంచి పట్టుకోని కత్తి పెడతాడు, మేనమామ ఒళ్ళో కూర్చోబెడతారు, ఆ మేనమామని పాప అప్పుడే చూస్తాది, ఆ వెంటనే రెండొందల మంది భోజనాలు, అందరూ ఎత్తుకునేవాళ్ళే. ఏడు వారాలు నువ్వు కట్టుకున్నది ఒక పూటలో పోతాది. ముడుపు కట్టించి ఇంట్లో పెట్టమను, వచ్చే ఏడాది సెలవుల్లో వచ్చి పాప నీ ఒళ్ళోనే కూర్చోని తీయించుకుంటాది. మొక్కు ఆలస్యమైతే స్వామి కోప్పడతాడని మన పెద్దోల్లు ఎవరూ చెప్పలేదు. భోజనాలు కూడా అప్పుడే పెట్టుకోవచ్చు, ఓళిగలతో ఘనంగా.

ఇప్పుడు నువ్వు చివర్లో రాసిన మాట. ప్రేమ రావట్లేదన్నావు. ఎట్లొస్తాది చెప్పు, నిద్ర లేదు, పక్కన మొగుడు లేడు, ఎత్తుకుంటే తోసేస్తాది, ఊరంతా చూస్తా ఉంది, ఏళ్ళ తరబడి ఫైళ్ళు మోసి ఎదురుచూసిన ఆనందం యాడా కనపడదు. కన్న తల్లులకి కాన్పు తర్వాత దిగులొచ్చినట్టే దత్తత తల్లులకీ వస్తాది, డాక్టర్లకి తెలిసిన విషయమే ఇది, సిగ్గుపడాల్సింది లేదు. ప్రేమ అనిపించినా అనిపించకపోయినా నువ్వు ముద్ద పెడతా, నీళ్ళు పోస్తా, రాత్రి లేస్తా ఉన్నావు కదా, పాపకి ఇప్పుడు కావాల్సింది ఆ పనే, నీ మనసులో ఏముందో తనకి పరీక్ష పెట్టే శక్తి లేదు. చాలామంది తల్లులకి నెలల మీద మెల్లగా వచ్చింది, ఫలానా రోజు వచ్చిందని వాళ్ళే చెప్పలేరు. కానీ పొద్దున లేవబుద్ధి కాకపోయినా, ఊరికే ఏడుపొస్తా ఉన్నా, పాపని ఏమన్నా చేసేస్తానేమో అని భయమేసినా ఆగొద్దు, 14416 కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వం వాళ్ళది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. రోజుకి గంట అయినా పాప నిద్రపోయేటప్పుడు అవ్వని పక్కన కూర్చోబెట్టి నువ్వు పడుకో, లేచేలోపల నిన్ను లేపమని చెప్పు.

డల్లాస్ ప్రయాణం గురించి ఇప్పట్నుంచే ఆలోచించాల, ఎందుకంటే అది పాపకి ఇంకో పోగొట్టుకోవడం, ఈసారి అవ్వని. అవ్వ ఎయిర్‌పోర్టు దాకా రావాల, బెంగళూరు ఎంత దూరం మనకి, పాప మేలుకోనున్నప్పుడు టాటా చెప్పాల, పాప ఏడిస్తే ఏడవనీ, ఒళ్ళో పెట్టుకోని ఏడవనీ. అంతకు ముందు నుంచే రోజూ ఒకే టైంకి వాళ్ళ నాన్న వీడియోలో కనపడాల, అన్నం తినేటప్పుడైతే మంచిది. మొదట్లో పాప ఫోన్ తోసేస్తాది, కోపం అది, రెండు నిమిషాలే చాలు, రోజూ మాత్రం రావాల. ఆయన తొడిగిన టీషర్టు ఒకటి ఉతక్కుండా పంపించమను, పక్కలో వెయ్యి. డల్లాస్‌లో దిగినాక ఆయన పరిగెత్తుకోనొచ్చి ఎత్తుకోకూడదు, కింద కూర్చోని ఆగాల. అక్కడికి పోయినాక అవ్వ అదే టైంకి వీడియోలో కనపడతాది.

పోయిన రెండు వారాల లోపల పిల్లల డాక్టరు దగ్గరికి పోవాల, దత్తత పిల్లల్ని చూసిన అనుభవం ఉన్నవాళ్ళైతే మేలు. రక్తం తక్కువుందా, నులిపురుగులు, టీబీ, హెపటైటిస్ బి, హెచ్ఐవి, సీసం టెస్టులు చేస్తారు, కొన్ని ఆర్నెల్లకి మళ్ళీ చెయ్యమంటారు, ఒకసారి చేసినాం కదా అని వదిలెయ్యొద్దు. పశ్చిమ ఒడిశాలో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఎక్కువ, ఆ టెస్టు అయ్యిందో లేదో ఫైల్లో చూడు, లేకపోతే అడిగి చేయించు. ఈడ ఉండగానే టీకాల కార్డు నకలు తీసి పెట్టుకో.

డేకేర్ మాత్రం పోగానే వద్దు చెల్లీ. మళ్ళీ షిఫ్టులు, మళ్ళీ వరస మంచాలు, మళ్ళీ మారే ఆయమ్మలు, ఎంత ఖరీదైన డేకేర్ అయినా పాప కంటికి అది వదిలొచ్చిన ఇల్లే. అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ చట్టం దత్తతకీ వర్తిస్తాది, యాభై మంది, అంతకు మించి పనిచేసే కంపెనీలో కనీసం ఏడాది ఉన్నవాళ్ళకి పన్నెండు వారాల లీవు ఇస్తారు, జీతం ఉండదు గానీ ఉద్యోగం పోదు, పాప వచ్చిన ఏడాది లోపలే వాడుకోవాల. నీకెన్ని వారాలు మిగిలుందో, మీ ఆయనకి ఎంత మిగిలుందో ఇప్పుడే హెచ్ఆర్‌ని అడుగు. ఇద్దరూ ఒకేసారి తీసుకోకుండా ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటే పాప ఎక్కువ నెలలు ఇంట్లో ఉంటాది. డబ్బు ఇబ్బంది ఉంటే కారు మార్చడం వాయిదా వెయ్యండి, ఇల్లు మారడం వాయిదా వెయ్యండి, దీన్ని వెయ్యొద్దు. తప్పక పెట్టాల్సి వస్తే గంటతో మొదలుపెట్టి, నువ్వు పక్క గదిలో కూర్చోని, చెప్పి పోయి చెప్పిన టైంకి రావాల.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి ఏజెన్సీ సోషల్ వర్కర్ వచ్చి కారాకి రిపోర్టు పంపాల, దత్తత నియమాల్లోనే ఉంది. ఆమె ముందు అంతా బాగుందని నటించొద్దు, పిల్లని తీసేసుకుంటారని చాలామంది భయపడి దాస్తారు, దాస్తే అందాల్సిన సాయం అందదు. తోసేస్తాంది, నాకు దిగులుగా ఉంది అని ఇదే ఉత్తరం ఆమెకి కూడా చెప్పు. ఇంకో మాట, డల్లాస్‌లో రెండు మూడు నెలలకి పాప ఒక్కసారిగా మొండికెయ్యచ్చు, కొట్టడం, కొరకడం, నేల మీద దొర్లడం, ఇన్నాళ్ళు లోపల పెట్టుకున్నదంతా బయటికొస్తాది. ఒంటరిగా గదిలో పెట్టే శిక్షలు వద్దు, పక్కన కూర్చో.

ఏడాది దగ్గర పడుతున్నా గ్యాస్ అబ్బాయికీ నీకూ తేడా తెలీకపోతే, దెబ్బ తగిలినా ఎవర్నీ వెతక్కపోతే, కళ్ళలోకి అసలు చూడకపోతే అప్పుడు పిల్లల మానసిక డాక్టరుకి చూపించాల. ఈలోపల అనంతపురంలో ఉండగానే ఏమన్నా అనుమానమొస్తే బెంగళూరులో నిమ్‌హాన్స్ అని మానసిక వైద్యం చేసే పెద్దాసుపత్రి ఉంది, దాంట్లో పిల్లల విభాగం ఉంది, ఒక రోజులో పోయి రావచ్చు.

ఈ రాత్రికి బెడ్‌లైటు, పాప పక్కన మూత గిన్నె. రేపు పొద్దున అత్తమ్మతో మాట. ఈ మూడూ చేసి ఒక నెల చూసి నాకు రాయి, పాప కంచంలో మిగిలిస్తాందా, రాత్రి నిన్ను పిలుస్తాందా అని ఈ రెండు విషయాలు మాత్రం తప్పకుండా రాయి.